దిగేవాళ్ళ కరెంటు

తుమ్మెదకొండ ఘాట్ రోడ్డుకి ఇరవై ఒక్క మలుపులు. అవి నేను ఇంజనీరునయ్యాక లెక్కపెట్టినవి కావు. చిన్నప్పుడు నూకరాజు బాబాయి నడిపే బస్సులో ముందు సీట్లో కూర్చుని, నిమ్మకాయ వాసన చూస్తూ, ఇంకా ఎన్ని మలుపులు ఓర్చుకుంటే వాంతి గండం గడుస్తుందో లెక్కపెట్టుకునేదాన్ని. ఇరవై ఏళ్ళ తర్వాత అదే రోడ్డులో రాగిచుట్టలు పాతించే పని నా నెత్తినే పడింది. నన్ను అంత ఏడిపించిన రోడ్డుని తవ్వుతుంటే మొదటి రెండు రోజులూ నాకు చాలా సంతోషంగా ఉండేది.

విశాఖపట్నం నుంచి తుమ్మెదకొండకి నూట ముప్పై కిలోమీటర్లు. ఎలక్ట్రిక్ బండికి మైదానంలో అది పెద్ద దూరమేమీ కాదు. వచ్చిన చిక్కల్లా కొండతోనే. చింతలపాలెంలో కొండ మొదలయ్యేసరికి చిన్న బండ్ల బ్యాటరీలో పదో వంతు మిగిలేది. అది ఏడో మలుపు దగ్గరే చేతులెత్తేసేది. అందుకని అందరూ కింద ఆగి గంటన్నర చార్జింగు పెట్టుకునేవారు. అక్కడున్నవి మూడు చార్జర్లు, అవీ కరెంటు ఉన్నప్పుడే. గాలీవానా వస్తే కరెంటు పోయేది. జనం ఇడ్లీలు తిని, కాసేపు ఆగి మళ్ళీ ఇడ్లీలే తిని, ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ కూర్చునేవారు.

మా ల్యాబ్ కనిపెట్టింది చెప్పడానికి తేలికే. కొండ దిగే ఎలక్ట్రిక్ బండి వేగం తగ్గించుకున్నప్పుడల్లా దాని మోటారులో కరెంటు పుడుతుంది. పైన బ్యాటరీ నిండా నింపుకుని బయల్దేరిన బస్సుకి ఆ కరెంటు దాచుకునే చోటుండదు. మేం రోడ్డులో పాతిన పట్టీ దాన్ని బస్సు అడుగు నుంచి తీగ లేకుండా అందుకుని, అదే క్షణంలో కొండ ఎక్కుతున్న బండికి అందిస్తుంది. నూతి గిలక మీద రెండు చేదలుంటాయి చూడండి, ఒకటి దిగుతుంటే రెండోది పైకొస్తుంది, అలాగన్న మాట. ఒక బస్సు దిగితే మూడు వ్యాన్లు ఎక్కుతాయి. మా కాగితాల్లో దీనికి పదకొండు మాటల పేరుంది. డ్రైవర్లు మాత్రం ‘తాడు’ అన్నారు, ఆ పేరే నిలిచింది.

తాడుకి ఒక్కటే లోటు. అది కరెంటుని దాచుకోలేదు. దిగేవాళ్ళు ఇస్తేనే ఎక్కేవాళ్ళకి. కాబట్టి ఏ బస్సు ఏ వేళకి దిగుతుందో కంప్యూటరు ముందే లెక్కకట్టి, కింద ఎక్కబోయే బండి స్క్రీను మీద ‘వెళ్ళవచ్చు’ అని పచ్చటి అక్షరాలు చూపించేది. ఆ పచ్చ అక్షరాలు నమ్ముకుని జనం చార్జింగు కోసం ఆగకుండా కొండెక్కడం మొదలుపెట్టారు.

ప్రయోగానికి మూడు నెలలు గడువిచ్చారు. పొద్దున్న దిగే బస్సుకి డ్రైవరుగా నేనే పట్టుబట్టి మా బాబాయిని పిలిపించాను. ముప్పై నాలుగేళ్ళు ఆ ఘాట్ మీద ఒక్క గీత పడకుండా బస్సు నడిపి రిటైరైన మనిషి. డీజిలు పొదుపులో ఏడుసార్లు జిల్లాకి మొదటి వాడు. ఆ సర్టిఫికెట్లు ఏడూ వాళ్ళింట్లో దేవుడి పటాల పక్కనే ఉంటాయి. పిన్ని దీపం పెట్టినప్పుడు వాటికీ కాస్త బొట్టు పెడుతుంది.

మొదటి రోజు నేను ఆయన పక్కనే కూర్చున్నాను. రెండు మలుపులు దిగాక బాబాయి మొహం చిట్లించాడు.

“ఏటమ్మా, ఎవులో ఎనకాల్నించి పట్టుకుని నాగుతున్నట్టుంది?”

“తాడు పట్టుకుంది బాబాయ్. అదే మనకి కావాల్సింది.”

ఇంకో నాలుగు మలుపులయ్యాక స్క్రీను వైపు వేలు చూపించాడు. నూరు ఉన్న అంకె తొంభై తొమ్మిదికి దిగింది. “కొండ దిగీటప్పుడు కర్సేటి? ఎక్కీటప్పుడంటే కర్సవుద్ది. దిగడానిక్కూడానా?”

“పట్టీని అందుకోవడానికి మన బస్సు రెండు శాతం ఖర్చుపెడుతుంది. దానివల్ల కింద మూడు బండ్లు ఎక్కుతాయి.”

“సర్లే. సదువుకున్నదానివి, నీకు తెలీదా.”

నాకు తెలుసు, ఆయనకి చెప్పాను, కాబట్టి ఆయనకీ తెలిసిపోయిందని అనుకున్నాను. చదువుకున్నవాళ్ళకి ఈ జబ్బు ఒకటుంటుంది. ముప్పై నాలుగేళ్ళు ఒక చుక్క డీజిలు పోతే ప్రాణం పోయినట్టు బతికిన మనిషికి, కళ్ళెదుట అంకె తగ్గుతుంటే ఎలా ఉంటుందో నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

రెండు నెలలు బ్రహ్మాండంగా గడిచాయి. కూరగాయల వ్యాన్లు, టీచర్ల కార్లు, పెళ్ళి బృందాలు, అందరూ ఆగకుండా కొండెక్కారు. చింతలపాలెం ఇడ్లీల కొట్టు అప్పయ్యమ్మ ఒక్కతే నన్ను చూస్తే మొహం తిప్పుకునేది. పేపర్లో మా బాబాయి ఫొటో వేశారు. పిన్ని దాన్ని కత్తిరించి ఎనిమిదో సర్టిఫికెట్‌లా గోడకి అంటించింది.

ఆ మంగళవారం పొద్దున్న పదింటికి, తుమ్మెదకొండకి పక్కనున్న గూడెంలో మిరియాల పాదులు చూసుకుంటున్న కిల్లో సుందరమ్మని రక్తపింజర కాటేసింది. కొండ మీది ఆస్పత్రిలో విషానికి విరుగుడు మందు ముందు రోజే అయిపోయింది. కింద నుంచి జోగారావు అనే డ్రైవరు వ్యానులో మందు పెట్టె వేసుకుని బయల్దేరాడు. బ్యాటరీ తొమ్మిది శాతం ఉంది. స్క్రీను ‘వెళ్ళవచ్చు’ అంది, ఎందుకంటే పైనుంచి మా బాబాయి బస్సు దిగుతోంది. పదకొండో మలుపు దగ్గర వ్యాను ఆగిపోయింది.

వాన పడుతోంది. ఇంకో బండి లేదు. ఫోను అందలేదు. జోగారావు పెట్టెని చంకన పెట్టుకుని కొండ మీదికి పరుగు తీశాడు. మూడు మలుపులు అలా పరిగెత్తాక ఒక మోటారుసైకిలు దొరికింది. మందు అందేసరికి యాభై నిమిషాలు ఆలస్యమైంది. సుందరమ్మ బతికింది. కాలు వాచి, నల్లబడి, మూడో రోజున పట్నం ఆస్పత్రిలో పాదం తీసేయాల్సొచ్చింది.

ల్యాబ్‌లో అందరి మొహాల్లోనూ నెత్తురు లేదు. మా పెద్దాయన ఫణిభూషణ్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “వానకి పట్టీలోకి తేమ దిగుంటుందమ్మా హైమావతీ. అదే నిజమైతే ఈ కొండ మీద తాడు పనికిరాదు. ఏడాదిలో ఆరు నెలలు వానే కదా. సోమవారం కమిటీ వస్తోంది. తవ్వి తీసేయమంటారు.”

ఆ మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే కూర్చుని ఆ రోజు రికార్డు తెరిచాను. పట్టీలో తేమ లేదు. పట్టీ చక్కగా పనిచేస్తోంది. దానికి ఇచ్చే బస్సే ఏమీ ఇవ్వలేదు. పదహారో మలుపు నుంచి రెండో మలుపు దాకా బస్సు న్యూట్రల్‌లో దిగింది. న్యూట్రల్‌లో ఉంటే చక్రాలకీ మోటారుకీ సంబంధం ఉండదు. కరెంటు పుట్టదు, తాడు పట్టుకోదు, బస్సు తన బరువుతో తనే జారిపోతుంది. డ్రైవరు కళ్ళెదుట అంకె మాత్రం కదలదు.

వెనక రోజులు కూడా తీసి చూశాను. రెండు నెలలుగా అక్కడో మలుపు, ఇక్కడో మలుపు. కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది. ఆ మంగళవారం దాదాపు మొత్తం కొండ.

ఆ రికార్డు మూసేసి, రిపోర్టు తీసి, ‘తేమ కారణం కావచ్చు’ అని టైపు చేశాను. కావచ్చు అనే మాట ఎంత మంచిదో ఆ రోజే తెలిసింది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ మాట పంపితే బాబాయి పేరు దక్కుతుంది, తాడు పోతుంది. నిజం పంపితే తాడు దక్కుతుంది, మొహాన నాలుగు మాటలు పడని మనిషి డెబ్బై ఏళ్ళకి దగ్గరపడ్డాక ఊరందరి నోళ్ళలో నానుతాడు. అందులోనూ ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది నేనే.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. పిన్ని ఆదిలక్ష్మి చేపల పులుసు చేసింది. బాబాయి నా కంచంలో ముక్కలు ఏరి వేస్తూ, “పాపం ఆ ఆడమనిసి ఎలగుందమ్మా? మీ తాడు తడిసిపోనాదట గదా” అన్నాడు.

నేను ముద్ద కంచంలో పెట్టేశాను. “తాడు తడవలేదు బాబాయ్. నువ్వు న్యూట్రల్‌లో దింపావు.”

ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు. “దింపినాను. అయితే ఏటి? ముప్పై నాలుగేళ్ళు అలగే దింపినాను. బ్రేకు మీద నాకు అదుపు నేదనా?”

“బ్రేకు గురించి కాదు. నువ్వు న్యూట్రల్ వేస్తే కింద బండికి కరెంటు రాదు. జోగారావు వ్యాను ఆగిపోయింది అందుకే.”

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. పిన్ని గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

“పదకొండో మలుపు కాడ ఆడు నాకు ఎదురొచ్చినాడు” అన్నాడు బాబాయి మెల్లగా. “సెయ్యెత్తినాను. ఆడూ లైటు కొట్టినాడు. బండి నీరసంగా ఎక్కుతందేటి అనుకుని దిగిపోయినాను.”

“ఎందుకు బాబాయ్? నేను చెప్పాను కదా.”

“సెప్పినావు. డిపోలో బోర్డుందమ్మా. సాయంత్రం ఏ బస్సులో ఎంత శాతం మిగిలిందో సుద్దతో రాస్తారు. ఆ సోమారం మద్దేనం బస్సు కుర్రోడు నాకన్నా రెండు ఎక్కువ మిగిల్చినాడు. బోర్డు కాడ నవ్వినారు. నాకు కింద మనుసులు అగుపడనేదు హైమా. అంకె ఒక్కటే అగుపడింది.”

ఆ మాట నన్ను కొట్టినట్టయింది. ఆ అంకెను అక్కడ పెట్టింది నేను. స్క్రీను గీసింది నేను. దిగే డ్రైవరుకి తన ఖర్చు చూపించి, దాంతో ఎవరు ఎక్కుతున్నారో చూపించకపోతే ఏమవుతుందో ఆలోచించనిది కూడా నేనే.

“రిపోర్టులో తేమ అని రాశాను” అన్నాను. “ఇంకా పంపలేదు.”

బాబాయి లేచి చెయ్యి కడుక్కున్నాడు. చొక్కా వేసుకున్నాడు. “పద. ముందు ఆయమ్మని సూడాల.”

పట్నం ఆస్పత్రిలో సుందరమ్మ మంచం మీద కాలు దిండు మీద పెట్టుకుని కూర్చునుంది. నలభై ఏళ్ళుంటాయి. ముక్కుకి రెండు వైపులా పుడకలు. తమ్ముడు పక్కన నేల మీద కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు. బాబాయి రెండు చేతులూ కట్టుకుని మంచానికి దూరంగా నిలబడి, దాపరికం లేకుండా అంతా చెప్పాడు. తన పేరు, బస్సు, న్యూట్రల్, బోర్డు. నేను మధ్యలో కల్పించుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

సుందరమ్మ తమ్ముడు లేచాడు. బత్తాయి కింద పడింది. ఆమె అతని మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత బాబాయి వైపు తిరిగింది.

“నీ మీద కోపం ఉంది” అంది. “రోజూ ఉంటది. కాలు చూసుకున్నప్పుడల్లా ఉంటది. పొమ్మంటే పోదు.”

“ఉండాల తల్లీ.”

“ఆ తాడు తీసేస్తారంట, నిజమా?”

బాబాయి నా వైపు చూశాడు. నేను తలొంచుకున్నాను.

“తియ్యనియ్యకండి” అంది సుందరమ్మ. “తాడు లేనప్పుడు మా నాన్నకి పాము కరిచింది. మందు బండి కింద చార్జింగు పెట్టుకుని కూచుంది. రెండు గంటలు. మా నాన్న పోయాడు. నేను బతికాను. కాలు పోయింది గానీ బతికాను. నువ్వు సరిగ్గా దింపుంటే కాలూ ఉండేది. ఈ మాట ఆ పెద్దోళ్ళకి చెప్పు. నేను చెప్తే వాళ్ళు వినరు. నువ్వు చెప్తే వింటారు, నీ తప్పు కదా.”

సోమవారం కమిటీ ముందు నేను తేమ మాట కొట్టేసిన నా రిపోర్టు చదవబోతుంటే బాబాయి తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఎవరూ పిలవలేదు. చీఫ్ ఇంజనీరు గారు ఎవరీయన అన్నట్టు చూశారు. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, మెడ దాకా బొత్తాలు.

“నా పేరు నూకరాజండి. బస్సు నాను దింపినాను. తాడు బాగుంది. తప్పు నాది. పదహారో మలుపు కాడ న్యూట్రల్ ఏసినాను, రెండో మలుపు దాకా తియ్యనేదు. ఇందులో తేమా నేదు గీమా నేదు. కావాలంటే ఈ అమ్మాయి కాడ లెక్కుంది, సూపిస్తాది. సూపించమ్మా.”

నేను చూపించాను. చూపిస్తుంటే ఏడుపొచ్చింది. అంతమంది ముందు ముక్కు తుడుచుకుంటూ గీతలూ అంకెలూ వివరించడం నా వృత్తి జీవితంలో గొప్ప ఘట్టమేమీ కాదు. చివర్లో స్క్రీను తప్పు నాదని కూడా చెప్పాను. డిపో బోర్డు సంగతి చెప్తే డిపో మేనేజరు గారు కిటికీలోంచి బయటికి చూశారు.

తాడు నిలిచింది. బాబాయిని స్టీరింగ్ మీద నుంచి దింపేశారు. ఆరు నెలలు బస్సు ముట్టుకోకూడదు, మళ్ళీ నడపాలంటే పరీక్ష పాసవ్వాలి. ఆలోగా ఘాట్ మీద నడిపే డ్రైవర్లందరికీ తాడు మీద ఎలా దింపాలో ఆయనే నేర్పాలన్నారు. పేపరు వాళ్ళు ఈసారి కూడా ఫొటో వేశారు. పిన్ని దాన్ని కత్తిరించలేదు. వీధిలో కొన్నాళ్ళు ఎవరూ ఆమెని పలకరించలేదు. బాబాయి మాత్రం రోజూ పొద్దున్నే గెడ్డం గీసుకుని డిపోకి వెళ్ళి, కొత్త డ్రైవర్లని కూర్చోబెట్టి మొదటి మాటగా తను చేసిన పని చెప్పేవాడు. నలభై మందికి నలభై సార్లు చెప్పాడు. చెప్పొచ్చిన ప్రతిసారీ సాయంత్రం అన్నం సహించేది కాదని పిన్ని నాతో ఫోనులో అనేది.

నేను స్క్రీను మార్చాను. దిగేటప్పుడు శాతం కనబడదు. దాని చోట కింద నుంచి ఎవరు ఎక్కుతున్నారో కనబడుతుంది. ఎక్కే బండి డ్రైవరుకి ఇష్టమైతే రెండు ముక్కలు రాస్తాడు, లేకపోతే లేదు. మొదట్లో ‘కూరగాయలు’, ‘టీచర్లు’ అని పొడిపొడిగా రాసేవారు. పోనుపోను జనం హుషారు పట్టారు. ‘పెళ్ళికూతురు, ఆలస్యమైంది, మేకప్పు కారణం’ అని ఒకరు రాశారు. ఫణిభూషణ్ గారు మొదట ఇదేం శాస్త్రమని విసుక్కున్నారు. నెలాఖరుకి తాడులోకి వచ్చే కరెంటు మూడో వంతు పెరిగిన లెక్క చూశాక, ఆ పెళ్ళికూతురు టైముకి చేరిందా అని అడిగారు.

ఆరు నెలల తర్వాత బాబాయి పరీక్ష పాసయ్యాడు. ఏ రోజు నుంచి ఎక్కుతావని డిపోలో అడిగితే ఒక తేదీ చెప్పాడు. ఆ రోజు సుందరమ్మకి కొత్త పాదం బిగించి ఇంటికి పంపుతున్నారు. “ఆయమ్మ ఎక్కీ పొద్దు నానే దింపుతాను” అన్నాడు. నేను సెలవు పెట్టి ఆయన బస్సెక్కాను.

పైన బయల్దేరినప్పుడు బస్సులో ముప్పై మంది ఉన్నారు. ఇరవయ్యో మలుపు దగ్గర స్క్రీను మీద జోగారావు వ్యాను కనిపించింది. దాని పక్కన అతను రాసిన రెండు ముక్కలు: ‘సుందరమ్మ. ఇంటికి.’

బాబాయి ఇంకా నెమ్మది చేశాడు. గేరు మీద నుంచి చెయ్యి తీసేసి రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకున్నాడు. బస్సు ఇరవై కిలోమీటర్ల వేగం కూడా దాటకుండా దిగుతోంది. తాడు బరువుగా పట్టుకుని లాగడం నాకు సీట్లో తెలుస్తోంది. వెనక నుంచి ఒకాయన విసుక్కున్నాడు.

“ఏటి డ్రైవరు గారూ, బస్సు నడుపుతున్నారా తోస్తన్నారా? నాకు పదకొండింటికి కోర్టులో వాయిదా ఉంది.”

బాబాయి అద్దంలో ఆయన వైపు చూశాడు. “కింద నుంచి ఒకాయమ్మ ఇంటికెల్తంది బాబూ. మనం మెల్లగా దిగితేనే ఆయమ్మ ఎక్కుతాది.”

“ఎవరండీ ఆవిడ, మీ చుట్టమా?”

ఆయన ఏదో ఒకటి చెప్పి దాటేస్తాడేమోనని, దాటేస్తే బాగుండునని కూడా అనిపించింది.

“కాదు బాబూ. ఆర్నెల్ల కిందట ఇదే కొండ నాను తప్పుగా దింపినాను. ఆయమ్మ మందు బండి ఆగిపోనాది. పాదం తీసేసినారు. పాదం నా వల్ల పోయింది. ఈ యేల ఇంటికెల్తంది.”

కోర్టు వాయిదా ఆయన చేతి గడియారం చూసుకుని, చొక్కా చెయ్యి దాని మీదికి లాక్కున్నాడు. కాసేపటికి ముందు సీట్లో ముసలమ్మ, “మెల్లగానే దించు నాయనా” అంది.

పన్నెండో మలుపు తిరగ్గానే వ్యాను ఎదురొచ్చింది. జోగారావు చెయ్యెత్తాడు. బాబాయి ఎత్తలేదు, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి తల వంచాడు. కిటికీ పక్క సీట్లో సుందరమ్మ తల అద్దానికి ఆనించి నిద్రపోతోంది. నోరు కాస్త తెరుచుకుని ఉంది. వ్యాను ఎక్కడా ఆగకుండా పైకి వెళ్ళిపోయింది.